ఐకిడో మన నల్లగొండకు అక్కరకొస్తదా? కొట్లాట తీర్చే విద్యనా, తప్పుకునే విద్యనా?

బత్తాయితోట (నల్లగొండ)
అందరికి నమస్తే. హైదరాబాదుల ఉద్యోగం చేసినన్ని రోజులు ఐకిడో అనే జపాను ఆత్మరక్షణ విద్య నేర్చుకున్న. మొదటి డాన్, అంటే నల్లబెల్టుల మొదటి మెట్టు, వచ్చింది. ఇప్పుడు ఊరికే వచ్చేసిన. గడియారం సెంటరుకు దగ్గర్ల ఒక హాలు మాట్లాడి, పొద్దుమూకి పిల్లలకు, పెద్దలకు నేర్పాలనుకుంటున్న. మనకాడ మాట మాట పెరిగి కాలర్ పట్టుకునుడు ఎంత సేపు? ఐకిడోల మొదటి పాఠమే ఆడ మొదలైతది. ఎవరన్న మన మణికట్టు పట్టుకుంటే మనం వెనక్కి గుంజుతం, ఆయన ఇంక గట్టిగ పడతడు. ఆ గుంజుడు బందు చెయ్యాలె. పట్టుకున్న చెయ్యి అట్లనే ఉంచి, ఆయన పక్కకు ఒక అడుగేసి, గుండ్రంగ తిరిగి, ఆయన చూస్తున్న దిక్కే మనం గూడ చూడాలె. టెంకన్ అంటరు దీన్ని. కొన్ని నెలలు చేసినంక ఇంట్ల మాట్లాడే తీరు గూడ మారుతది. మీ అభిప్రాయం చెప్పుండ్రి.

నల్లబెల్ట్ (మిర్యాలగూడ)
అన్నా, నేను కరాటే నేర్పుతున్న. సూటిగ అడుగుత. ఐకిడోల ఎక్కువ బడులల్ల పోటీలే ఉండయి. ఎదురుంగ ఉన్నోడు మీ జతగాడు, మీరు తిప్పంగనే ఆయనంతట ఆయనే పడతడు. వీడియోలు మస్తు చూసిన. పడనని మొండికేస్తే ఏం చేస్తరు? కరాటేల కుమిటె, అంటే ఇద్దరు ఎదురెదురుగ తలపడుడు, ఉంటది, పిల్లగాడు గెలుస్తడో ఓడుతడో అందరి ముందటనే తేలుతది. పరీక్ష లేని విద్యను పిల్లలకు చెప్పి, బయట వాళ్లు దెబ్బలు తింటే ఎవరు జవాబు?

సాగర్ కాలువ
మ్యాట్లు లేకుంట సిమెంటు బండల మీద మాత్రం చెప్పకుండ్రి అన్నా.

బత్తాయితోట
మ్యాట్లు ముందుగాల కొంట తమ్మీ, అవి లేంది మొదలే పెట్టను.

నల్లబెల్ట్ అన్నా, ఆయనంతట ఆయన పడుడు నాటకం గాదు. మణికట్టు కోటె-గయెషిల, అంటే మణికట్టు మెలేసి పడగొట్టే పట్టుల, పడ్డంక బిగుసుకొని నిలబడితే కీలు పోతది. అందుకే పడుడు నేర్పుతం. గదువ ఛాతికి ఆనించి, చెయ్యి అంచు మీదికెళ్లి భుజానికి, భుజం నుంచి ఎదురు తుంటికి ఏటవాలుగ దొర్లాలె, తలకాయ నేలకు తగలొద్దు. మా హాలుల వయసు మీదపడ్డ పెద్దమనిషి ఒకాయన బాత్రూంల జారిపడితే ఈ దొర్లుడే కాపాడింది. పోటీల సంగతి అంటరా, కెంజి టోమికి అనే ఐకిడో గురువు శిష్య పరంపరల రబ్బరు కత్తి పట్టుకొని పోటీలు పెడతనే ఉన్నరు. గోజో షియోదా పెట్టిన యోషిన్‌కాన్ ఐకిడో బడిల టోక్యోల అల్లర్లు ఆపే పోలీసులే నేర్చుకుంటరు. జూడో పుట్టించిన జిగోరో కానో 1930లో ఐకిడో పుట్టించిన మొరిహెయ్ ఉయెషిబ విద్య చూసి తన శిష్యులను ఆయన దగ్గరికి పంపిండు. ఇంకోటి, కరాటేను ఓకినావా నుంచి టోక్యోకు తెచ్చిన ఫునకోషి గూడ పోటీలు వద్దన్నోడే.

నల్లబెల్ట్
మీరే చెప్పిన్రు కద. టోమికి, షియోదా, ఇద్దరూ ఉయెషిబ కాడికి పోకముందే జూడోల ఆరితేరినోళ్లు. కానో పంపిన మొచిజుకి గూడ అంతే. కొట్లాట అంటే ఏందో ముందే ఎరికైనోళ్లకు ఐకిడో మీది మెరుగు. ఉయెషిబ సంగతి గూడ చూడుండ్రి. రష్యాతోటి యుద్ధానికి పోయొచ్చిన సిపాయి, టకెద సొకకు అనే గురువు దగ్గర దయితో-ర్యూ అనే జుజుత్సు కొట్లాట విద్య నేర్చిండు. శాంతి మాటలు తర్వాతవి. మన పిల్లలకు ఏం తెలుసని నేరుగ శాంతి కాడికెళ్లి మొదలుపెడతరు?
పోలీసుల ముచ్చట వద్దు. లాఠీ ఉంటది, పక్కపొంటి పదిమంది ఉంటరు. ఒంటరిగ ఉన్నోని సంగతి చెప్పుండ్రి.

పాలమూరు చెల్లె (మహబూబ్‌నగర్)
ఒంటరిగ ఉన్నోళ్ల సంగతి నేను చెప్త. రోజు బస్సుల డ్యూటీకి పోయి వస్త. రద్దీల ఒకడు చెయ్యి పట్టుకున్నడు అనుకోండి. ముక్కు పగలగొడితే బస్సాగుతది, అందరూ నన్నే చూస్తరు, తెల్లారి మళ్ల అదే బస్సెక్కాలె. నాకు ఆ చెయ్యి విడిపించుకునుడు కావాలె, గట్టిగ మాట్లాడే ధైర్యం కావాలె. పట్టు ఎప్పుడైన బొటనవేలు దిక్కే సన్నగుంటది, అటు దిక్కు తిప్పితే విడుస్తడని మా కాలేజీల ఎవరో చూపించిన్రు, అది పనిచేసింది. అన్న చెప్పే విద్యల ఇట్లాంటివి ఉంటే నేను మా పిల్లను పంపుత. కాని శాంతంగుండు, సర్దుకపో అని నేర్పేదుంటే వద్దు. ఆ పాఠం మాకు పుట్టినప్పటి సంది చెప్తనే ఉన్నరు.

గెట్టుమీది యాప
కబడ్డీ ఆడిపియ్యుండ్రి, పట్టు ఇడిపించుకునుడు అదే వస్తది.

బత్తాయితోట
చెల్లె, నువ్వన్నది ఉన్నది, కచ్చితంగ నేర్పుతం.
నల్లబెల్ట్ అన్నా, మీరు మాట మాటకు కొట్లాట కొట్లాట అంటున్నరు. చెప్పాలె గాబట్టి చెప్తున్న. మీ కాడ బెల్టు తీసుకున్న పోరగాళ్లే బస్టాండు కాడ ఇంకోన్ని కింద మీద ఏసి కొట్టిన్రని మా వాడంత అనుకున్నరు. గెలుసుడు ఒక్కటే నేర్పితే గట్లనే అయితది.

నల్లబెల్ట్
ఆగుండ్రి. ఆ పోరగాళ్లు నా కాడోళ్లు గాదు. అయినా మీరు ఏసీ హాలుల నేర్చుకొని వచ్చి మాకు బుద్ధులు చెప్తున్నరు.
నాకెందుకు మంటనో గిప్పుడు ఇనుండ్రి. మా నాయినకు బోరు కింద ఎకరంన్నర ఉండె. పక్క చెలకోడు ప్రతి ఎండకాలం దున్నినప్పుడల్ల గెట్టు ఇంత ఇంత మా దిక్కు జరిపిండు. రెండు కడీలు పీకి తన గట్టు మీద పండబెట్టిండు, ఊరంత చూసిన్రు. పంచాయితి పెట్టినం. పెద్దమనుషులు మా నాయిన భుజం మీద చెయ్యేసి ఏమన్నరో ఎరికేనా? "నువ్వు నెమ్మదస్తునివి, నువ్వే సర్దుకో" అన్నరు. వానికి చెప్పలే. వానికి ముగ్గురు కొడుకులు, నోరున్నోళ్లు. మా నాయిన సంతకం పెట్టొచ్చి, ఆ రాత్రి బువ్వ ముట్టలే. నెమ్మది ఎవలకు చెప్తరన్నా ఈ దేశంల? బలం లేనోనికే. అందుకనే నా కాడికి వచ్చే పేద పిల్లలకు పిడికిలి బిగబట్టుడు నేర్పుతున్న.

సాగర్ కాలువ
మా దేవరకొండ దిక్కు గూడ గిదే కత అన్నా.

బత్తాయితోట
అన్నా, మీ నాయిన సంగతి చదివి చానసేపు జవాబు రాయలేకపోయిన. ఆయనకు జరిగింది అన్యాయం. ఆ పెద్దమనుషులు చేసింది తప్పు.
కాని దాన్ని ఐకిడో మీద పెట్టకుండ్రి. టెంకన్ ఒక్కటే గాదు, ఇరిమి అని ఉన్నది. మీదికొచ్చేటోని కెదురుంగ లోపలికి పోవుడు. వెనకడుగు లేదు, దారి ఇడుసుడు లేదు. వాని దెబ్బ గీత నుంచి మెడంత పక్కకు జరిగి, వాని స్థలంల మనం నిలబడతం. మీ నాయినతోటి పెట్టిచ్చిన సంతకం ఇరిమి గాదు, టెంకన్ గూడ గాదు. అది లొంగదీసుడు. గెట్టుకాడ పిడికిలి ఎత్తితే ఇద్దరి మీద కేసైతది, గెట్టు మాత్రం వాడు జరిపిన కాడనే ఉంటది. టిప్పన్ నక్షా, అంటే భూమి కొలతల సర్కారు పటం, తీపిచ్చి, సర్వేకు దరఖాస్తు పెట్టి, కొలిచే రోజు గొలుసు పక్కన భయపడకుంట, బూతులు తిట్టకుంట నిలబడేటోడు కావాలె. ఆ నిలబడుడు నేర్పాలనే నా తపన.

నల్లబెల్ట్
నిలబడుడు మాటకు బాగనే ఉన్నది. కొలిచే రోజు ముగ్గురు కొడుకులు గడ్డపారలు పట్టుకొని వస్తరు. అప్పుడు? కేసైనా సరే, అడిగేటోడు ఒకడున్నడని వానికి తెల్వాలె. మా నాయిన ఒక్కసారి ఎదురు తిరిగి ఉంటే మరుసటేడు గెట్టు జరిగేది గాదు. దీని మీద మీరు నా మనసు మార్చలేరు.

పాలమూరు చెల్లె
ఇద్దరన్నలు ఒక్కటి మరిచిన్రు. సర్దుకొమ్మని నాకు, ఆ పెద్దాయనకు చెప్పిన్రు. చెయ్యి పట్టుకున్నోనికి, గెట్టు జరిపినోనికి ఎవరూ ఏం నేర్పలే. హాలు తెరిస్తే ఆ ఇండ్ల పోరగాళ్లను గూడ పిలువుండ్రి. బలమున్నోడే తన బలాన్ని ఎట్ల ఆపుకోవాలెనో ముందు నేర్చుకోవాలె.

బత్తాయితోట
పిలుస్త చెల్లె, ఫీజు లేకుంటనైనా. కాని వాళ్లు వచ్చేదాక మీ పిల్లను ఆపకు. నల్లబెల్ట్ అన్నా, మీరు గూడ వచ్చి నా మణికట్టు పట్టుండ్రి, మీ ఇష్టమున్నంత బిగబట్టుండ్రి, పడనే వద్దు.

నల్లబెల్ట్
వస్త. పట్టుకుంట, పడను. గెట్టు సంగతి గూడ ఆడనే మీ విద్యార్థుల ముందట అడుగుత.