డెన్వర్–ఎల్లోస్టోన్ దారిలో పాత మిలిటరీ వాహనాల మ్యూజియం: ఏం చూడాలి, ఎలా చూడాలి?

వేసవి_ప్రయాణం (ప్రశ్న)

జూలైలో డెన్వర్ నుంచి కారులో ఎల్లోస్టోన్ వెళ్తున్నాం. వ్యోమింగ్‌లో డూబాయ్స్ దగ్గర నేషనల్ మ్యూజియం ఆఫ్ మిలిటరీ వెహికల్స్ ఉందట. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు కూడా మాతో ఉంటారు. ఆయనకి మహీంద్రా జీపులో ప్రతి నట్టూ తెలుసు. పన్నెండేళ్ళ అబ్బాయికి ట్యాంకులంటే ఇష్టం. దాని కోసం దారి మళ్ళాలా? ఎంతసేపు పెట్టుకోవాలి? రెండో ప్రపంచయుద్ధకాలం జీపుకీ మన ఊళ్ళలో తిరిగిన జీపుకీ తేడా కంటికి ఎలా తెలుస్తుంది? షెర్మన్ ట్యాంకులన్నీ ఒకేలా కనిపిస్తాయి, వాటిలో రకాలు పోల్చుకునేదెలా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కొండదారి

దారి మళ్ళక్కర్లేదండీ. ఫోర్ట్ కాలిన్స్, లారమీ మీదుగా ఐ-80 మీద రాలిన్స్ చేరుకుని, అక్కడ 287 నంబరు రోడ్డు పట్టుకుంటే లాండర్ వస్తుంది. అదే దారిలో ముందుకెళ్తే డూబాయ్స్ ఊరు ఇంకా 8 మైళ్ళుందనగా మ్యూజియం రోడ్డు పక్కనే కనిపిస్తుంది. డెన్వర్ నుంచి ఇంచుమించు 400 మైళ్ళు. ఒకే రోజులో డ్రైవింగూ మ్యూజియమూ రెండూ పెట్టుకోకండి. రాత్రి లాండర్‌లో ఆగి పొద్దున్నే బయల్దేరితే తెరిచే వేళకి చేరుకుంటారు. రాలిన్స్, లాండర్ మధ్య 120 మైళ్ళకు పైగా దాదాపు ఏమీ ఉండదు కాబట్టి రాలిన్స్‌లోనే పెట్రోలు నింపించండి. ఐ-80 మీద గాలి విపరీతంగా వీస్తుంది, కారు పైన సామాను కడితే తాళ్ళు రెండుసార్లు చూసుకోండి.

ఇది ప్రభుత్వానిది కాదు. సెయింట్ జూడ్ మెడికల్ కంపెనీకి సీఈఓగా చేసిన డ్యాన్ స్టార్క్స్ సొంత సేకరణతో 2020లో తెరిచారు. 1,40,000 చదరపు అడుగుల భవనం, దాదాపు 500 వాహనాలు. కనీసం నాలుగు గంటలు కావాలి. రెండో ప్రపంచయుద్ధం భాగమే అన్నిటికన్నా పెద్దది, కాళ్ళలో ఓపిక ఉన్నప్పుడే దాన్ని ముగించండి. కొరియా, వియత్నాం తర్వాత చూడొచ్చు. డూబాయ్స్ దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంది, పెద్దాయన చేత నీళ్ళు తాగిస్తూ ఉండండి. చక్రాల కుర్చీ కావాలనుకుంటే ముందురోజే ఫోన్ చేయండి. తర్వాత టోగటీ కనుమ 9,658 అడుగులు. అది దాటి దిగితే, డూబాయ్స్ నుంచి 55 మైళ్ళలో మోరన్ జంక్షన్, అక్కడి నుంచి ఎల్లోస్టోన్ దక్షిణ ద్వారం దగ్గరే. చీకటి పడ్డాక ఆ కనుమ ఎక్కవద్దు, రోడ్డు మీదికి జింకలు, ఎల్కులు వస్తాయి.

పాతబండి

జీపు సంగతి నేను చెప్తాను.

మొదట బండి ముందున్న రేడియేటరు జాలీలో నిలువు ఖాళీలు లెక్కపెట్టమనండి. యుద్ధకాలం జీపుకి తొమ్మిది ఉంటాయి, హెడ్‌లైట్లు చిన్నవి, జాలీ వెనక లోపలికి ఉంటాయి. యుద్ధం తర్వాత పౌరులకు అమ్మిన సీజే (సివిలియన్ జీప్) బళ్ళకి ఏడే ఖాళీలు, పెద్ద హెడ్‌లైట్లు. మన దేశంలో మహీంద్రా 1947లో జీపుల బిగింపు మొదలుపెట్టింది. నాన్నగారికి బాగా అలవాటైన ఎత్తు బానెట్ బండి సీజే-3బీ. దాని ఇంజన్‌లో ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులోకి, పైకి వెళ్ళాయి, అందుకే బానెట్ ఎత్తు పెరిగింది. యుద్ధకాలం ఇంజన్ సైడు వాల్వులది, నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, 60 హార్స్‌పవర్. అందుకే బానెట్ అంత పల్లంగా కూర్చుంటుంది.

తర్వాత వెనక్కి వెళ్ళండి. సీజేకి దించే తలుపు ఉంటుంది. యుద్ధకాలం బండికి వెనక రేకు కదలదు, స్టెప్నీ, జెర్రీ క్యాను దానికే తగిలిస్తారు. పెట్రోలు పోసే మూత బయట వెతికితే దొరకదు, ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంది, 15 గ్యాలన్లు. సీటు దిండు ఎత్తి పోయాలి. కరెంటు 6 వోల్టులు, సెల్ఫ్ మీట కాలి దగ్గర. హెడ్‌లైటు వెనక రెక్కల నట్టు వదులు చేస్తే లైటు మొత్తం వెనక్కి తిరిగి ఇంజన్ మీద వెలుగు పడుతుంది. రాత్రిపూట రిపేరు కోసం ఆ ఏర్పాటు. నాన్నగారికి ఇది తప్పకుండా చూపించండి.

యుద్ధకాలం జీపుని విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ చేశాయి. ఇక మీరు చూసేది విల్లీస్‌దా, ఫోర్డ్‌దా? వంగి రేడియేటరు కింద ఛాసీ ముందు అడ్డకమ్మీ చూడండి. గుండ్రటి గొట్టం అయితే విల్లీస్ ఎంబీ, తిరగేసిన యూ ఆకారం పట్టీ అయితే ఫోర్డ్ జీపీడబ్ల్యూ. ఫోర్డ్ తన బోల్టు తలల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టింది. కానీ ఒక్క బోల్టు చూసి తేల్చేయకండి. సైన్యం డిపోల్లో బళ్ళు విప్పి కలిపి బిగించినప్పుడు ఒకదాని సామాను ఇంకోదానికి ఎక్కేసింది. 1944 నుంచి ఇద్దరికీ బాడీ తొట్టి ఒకే నమూనాలో వచ్చింది, కాబట్టి బాడీని బట్టి చెప్పడం కుదరదు. ఛాసీ అబద్ధమాడదు.

వేసవి_ప్రయాణం

చాలా థాంక్స్ అండీ, అడ్డకమ్మీ మాట నాన్నగారికి అప్పుడే చెప్పేశాను. షెర్మన్ల సంగతి కూడా ఎవరైనా చెప్తారా?

గొలుసుచక్రం

అబ్బాయికి వరసగా మూడు చూడమని చెప్పండి: ఒళ్ళు, ముక్కు, కాళ్ళు.

షెర్మన్ సైనిక పేరు ఎం4, దాని రకాలు ఏ1, ఏ2 అలా. ఒళ్ళంతా మూలలు లేకుండా గుండ్రంగా పోతపోసినట్టుంటే అది ఎం4ఏ1. పలకలు వెల్డింగు చేసి మూలలు పదునుగా ఉంటే ఎం4, ఏ2, ఏ3, ఏ4లలో ఏదో ఒకటి. వీటి మధ్య అసలు తేడా ఇంజన్. ఎం4, ఏ1లకి విమానాల్లో వాడే తొమ్మిది సిలిండర్ల గుండ్రటి రేడియల్. ఏ2కి రెండు డీజిళ్ళు జతగా. ఏ3కి ఫోర్డ్ వీ8, 500 హార్స్‌పవర్. ఏ4కి ఐదు క్రైస్లర్ కారు ఇంజన్లు కలిపి కట్టిన 30 సిలిండర్ల దిమ్మ. అది పట్టడానికి ఒళ్ళు పొడుగు చేశారు, అందుకే ఏ4కి చక్రాల జతల మధ్య సందు ఎక్కువ. షెర్మన్ ఎందుకంత ఎత్తు అని అబ్బాయి తప్పక అడుగుతాడు. రేడియల్ ఇంజన్ నిలువుగా పెద్ద చక్రంలా ఉంటుంది, దాని మధ్య నుంచి వచ్చే షాఫ్టు టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే గది) కింద నుంచి ముందున్న గేరుబాక్సుకి రావాలి. ఆ షాఫ్టు పైన మనుషులు కూర్చోవాలి, అంతే.

ముక్కు: తొలి బళ్ళలో డ్రైవరు ముందు రేకు బాగా వాలుగా ఉండి, తలల కోసం రెండు ఉబ్బులు పొడుచుకొస్తాయి. తర్వాతి వాటిలో వాలు తగ్గించి ఉబ్బులు తీసేసి మూతలు పెద్దవి చేశారు, త్వరగా దూకి బయటపడడానికి. అప్పుడే ఫిరంగి గుళ్ళ పెట్టెలు పక్కల నుంచి అడుక్కి దించి, చుట్టూ నీళ్ళ తొడుగులు పెట్టారు. అంతకుముందు మంటలు అంటుకోవడానికి ముఖ్య కారణం పెట్రోలు కాదు, పక్కల పేర్చిన గుళ్ళే.

కాళ్ళు: స్ప్రింగులు నిలువుగా, చక్రాల మీది గొలుసు పట్టా వెడల్పు పదహారున్నర అంగుళాలుంటే పాత పద్ధతి. స్ప్రింగులు అడ్డంగా, చక్రాలు జంటలుగా, గొలుసు వెడల్పు 23 అంగుళాలుంటే చివరి పద్ధతి, బురదలో తక్కువ దిగబడేది. మన సైన్యం 1965 యుద్ధంలో కూడా షెర్మన్లు నడిపింది, నాన్నగారికి ఆ మాట చెప్పండి.

గొట్టం_బాబు

లారీలు వదిలేసి వెళ్ళిపోకండి, యుద్ధాన్ని మోసినవి అవే. రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ ప్రదర్శన దగ్గర ఆగండి. 1944 ఆగస్టు 25 నుంచి నవంబరు 16 వరకు ఫ్రాన్సులో ముందుకు ఉరికే సైన్యానికి సరుకు తోలిన లారీల వరస అది, డ్రైవర్లలో నాలుగింట మూడొంతుల మంది నల్లజాతివాళ్ళు. నియమం ప్రకారం గంటకి 25 మైళ్ళు, బండికీ బండికీ 60 గజాలు. చాలామంది కార్బురేటరు మీద వేగం ఆపే గవర్నరు పీకేసి నడిపారు. ఆ రెండున్నర టన్నుల జీఎంసీ కంపెనీ లారీ పేరు సీసీకేడబ్ల్యూ. అందులో మొదటి సీ 1941 నమూనా, రెండోది మామూలు క్యాబిన్, కే అంటే ముందు చక్రాలకీ డ్రైవ్, డబ్ల్యూ అంటే వెనక రెండు ఇరుసులకీ డ్రైవ్. కింద వంగితే ఇరుసు మధ్య గుండ్రటి బుడిపె ఒకటే ముద్దగా ఉంటే బాంజో రకం, నిలువుగా రెండు ముక్కలు బోల్టులతో బిగించి ఉంటే స్ప్లిట్ రకం. ఈ రెండిటి ఇరుసు సామాను ఒకదానికొకటి పట్టదు. అక్కడి మెకానిక్కులు పడ్డ అవస్థ దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

దాని పక్కనే నీళ్ళలో, నేల మీద నడిచే డీయూకేడబ్ల్యూ ఉంటే చక్రాల హబ్బుల దగ్గర గాలి గొట్టాలు చూడండి. ఇసుకలో దిగబడితే డ్రైవరు సీట్లోంచి కదలకుండా టైర్లలో గాలి తగ్గించి, రోడ్డెక్కాక మళ్ళీ నింపుకునేవాడు.

పాతబండి

ఇంకొక్క మాట. తాకనిచ్చిన చోట తప్ప చెయ్యి పెట్టొద్దని అబ్బాయికి ముందే చెప్పండి. చెమటలో ఉప్పు రంగు లేని ఇనుము మీద పడితే వేలిముద్ర అలాగే తుప్పు పట్టిపోతుంది. ఆ కాలం కొన్ని గడియార మీటర్ల ముల్లుల మీద రేడియం పూత ఉంటుంది, అద్దం పగిలిన మీటరు అసలు ముట్టుకోకూడదు. ఫోటోలు తీసేటప్పుడు ఫ్లాష్ ఆపండి, ఆకుపచ్చ రంగు మీద మెరుపు కొట్టి ప్లేట్ల మీద అక్షరాలు కనిపించవు. ఫోన్ టార్చిని పక్క నుంచి పట్టుకుంటే స్టాంపు చేసిన నంబర్లు చక్కగా తేలతాయి.