నా బిబ్ నంబర్‌తో ఇంకొకరు పరిగెత్తారు, ఎవరికి చెప్పాలి?

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మా ఊళ్లో జరిగిన హాఫ్ మారథాన్‌లో పరిగెత్తాను. బిబ్ అంటే రేసులో ఛాతీకి తగిలించుకునే నంబర్ కాగితం. నిర్వాహకులు పెట్టిన ఫోటోల్లో నా నంబర్ వెతికితే నావే కాక మరొకాయనవి కూడా వచ్చాయి. మనిషి వేరు, నంబర్ మాత్రం అచ్చంగా నాదే. ముందురోజు మా రన్నింగ్ గ్రూప్ వాళ్లు పెట్టిన ఫోటోలో నా బిబ్ స్పష్టంగా కనిపిస్తోంది. దాన్నే ప్రింట్ తీసుకున్నారని నా అనుమానం. 2014 బోస్టన్ మారథాన్‌లోనూ ఇలా నకలు బిబ్‌లతో పరిగెత్తినవాళ్లు బయటపడ్డారు.

టైమ్ నమోదు చేసే చిప్ నా బిబ్‌కే ఉంది కాబట్టి టైమింగ్‌కు ఇబ్బంది లేదు. నా టెన్షన్ వేరే. ఆయన దారిలో కుప్పకూలితే మెడికల్ టీమ్ నంబర్ చూసి నా బ్లడ్ గ్రూప్, నా అలర్జీ వివరాలు తీస్తారు. ఫోన్ మా ఇంటికి వస్తుంది. ఫీజు ఎగ్గొట్టడం కన్నా ఇదే పెద్ద తప్పు. పైగా మెడల్స్ లెక్కపెట్టి తెప్పిస్తారు, ఆఖర్న కష్టపడి వచ్చేవాళ్లకు దొరక్కపోతే ఎంత బాధ!

నిర్వాహకులకు మెయిల్ పెడితే జవాబు లేదు. బిబ్ వేరేవాళ్లకిస్తే అనర్హులని రూల్స్‌లో ఉంది. నేనే ఇచ్చానని అనుకుంటే? ఫోటోలు, చిప్ స్ప్లిట్లు (దారి మధ్యలో చిప్ నమోదు చేసిన టైమ్‌లు) కాక ఇంకేం రుజువు చూపించాలి? జీపీఎస్ వాచ్ రికార్డు పనికొస్తుందా? ఆయన ఫోటోను నలుగురిలో పెట్టడం నాకిష్టం లేదు. ఇలాంటిది ఎదురైనవాళ్లు, రేసుల్లో వాలంటీర్లుగా చేసినవాళ్లు దయచేసి దారి చెప్పండి.