అప్‌డేట్: స్ప్రింక్లర్ లైనుకు పర్మిట్, బ్యాక్‌ఫ్లో పరికరం

టెక్సాస్‌లోని మా ఇంటి పెరట్లో పాత యజమాని పర్మిట్ లేకుండా వేయించిన స్ప్రింక్లర్ లైను, ఎలాంటి బ్యాక్‌ఫ్లో నివారణ పరికరమూ (మురికి నీరు వెనక్కి వచ్చి తాగునీటిలో కలవకుండా ఆపేది) లేకుండా నేరుగా తాగునీటి గొట్టానికే కలిపి ఉందని గత నెలలో రాసి, ఏం చేయాలని అడిగాను. ముందు పర్మిట్ తీసుకుని ఆ తర్వాతే తవ్వించమన్నవారి మాట విన్నాను.

లైసెన్సు ఉన్న ఇరిగేటర్ (స్ప్రింక్లర్ లైన్లు వేసే నిపుణుడు) పర్మిట్ తీసుకుని ప్రెషర్ వ్యాక్యూమ్ బ్రేకర్ బిగించారు. వీధిలో పైపు పగిలినా, అగ్నిమాపక సిబ్బంది హైడ్రంట్ తెరిచినా ప్రధాన గొట్టంలో ఒత్తిడి పడిపోయి, పచ్చికలో నిలిచిన ఎరువు నీటిని స్ప్రింక్లర్ల గుండా వెనక్కి పీల్చుకునే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు ఈ పరికరంలోని స్ప్రింగు మూత తెరుచుకుని గాలిని లోపలికి వదలడంతో ఆ పీల్పు తెగిపోతుంది. అందుకోసం దాన్ని అన్నిటికన్నా ఎత్తున ఉన్న స్ప్రింక్లర్ కంటే కనీసం 12 అంగుళాలు పైన పెట్టాలి. మా పనివాళ్లు 9 అంగుళాలకే ఆపేశారు. ఇన్‌స్పెక్టర్ టేపు పెట్టి కొలిచి, పని తిరస్కరించి వెళ్లిపోయారు. ఆ రోజు కోపం వచ్చిన మాట నిజమే గానీ, ఆయన చేసిందే సరైనది.

ఎత్తు సరిచేశాక, లైసెన్సు ఉన్న టెస్టర్ గేజి తగిలించి, ఒత్తిడి 1 పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి ఒక పౌండు) పడిపోయేలోపే గాలి మూత తెరుచుకుంటోందని చూసి నివేదిక ఇచ్చారు. నీటిలోనే ఎరువు కలిపి పారించేవారికి ఈ పరికరం చాలదు. రసాయనాలు కలిసిన నీరు వెనక్కి రాకుండా ఇంకా గట్టిగా ఆపే రెడ్యూస్డ్ ప్రెషర్ రకం పరికరం పెట్టించి ఏటా పరీక్ష చేయించాలి. మా పెరటి కుళాయికి హోస్ వ్యాక్యూమ్ బ్రేకర్ మాత్రం నేనే బిగించుకున్నాను.