చిన్నపేగు దూరిందన్నారు, ఆపరేషన్ మాత్రం వద్దంటున్నారు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. బాబుకు మూడేళ్లు, కడుపునొప్పి వచ్చి పోతోందని నల్లగొండలో అల్ట్రాసౌండ్ తీయిస్తే చిన్నపేగులో ఒక ముక్క ఇంకో ముక్కలోకి దూరింది, మందం 1.5 సెంటీమీటర్లే, సాయంత్రం మళ్లీ చూద్దాం అన్నారు. ఇంత మాట చెప్పి ఊరికే కూర్చోమంటే టెన్షన్ కాదా?

జవాబు: అన్నా, నేను స్కానింగ్ గదిలోనే పనిచేస్తా. అడ్డంగా చూస్తే ఉల్లిగడ్డ కోసినట్టు పొరలు కనిపిస్తాయి. చిన్నపేగు చిన్నపేగులోకే దూరితే మామూలుగా 2 సెంటీమీటర్ల లోపే, ఒక్కోసారి చూస్తుండగానే విడిపోతుంది. పెద్దపేగులోకి దూరినదైతే లావుగా, ఎక్కువగా కుడివైపు, లోపలికి కొవ్వును కూడా లాక్కుపోయి ఉంటుంది, దాన్ని అలా వదలరు.

ఇంకో జవాబు: దూరిన ముక్క పొడవెంతో కూడా అడుగు. 3.5 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త. ఆకుపచ్చ వాంతులు, నెత్తురు విరేచనం కనిపిస్తే సాయంత్రం దాకా ఆగొద్దు.

ప్రశ్న అడిగినవారు: రెండో స్కాన్ అయింది, విడిపోయింది! వాడు బిస్కెట్ అడుగుతున్నాడు.