యాంటీ-డి వేశాక ఐసీటీ పాజిటివ్ వచ్చింది, కాన్పయ్యాక డోసు ఆపాలా?

ప్రసూతి వార్డు: బి నెగటివ్ తల్లి, రెండో కాన్పు, భర్తది పాజిటివ్. 28వ వారంలో ఐసీటీ (తల్లి రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష) నెగటివ్ అని చూసుకునే, బిడ్డ పాజిటివ్ రక్తం మీద తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారవకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ 300 మైక్రోగ్రాములు వేశారు. ఇప్పుడు 34వ వారం. వేరే ల్యాబ్‌లో ఐసీటీ చేయిస్తే పాజిటివ్, టైటర్ (యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పే అంకె) 1:2. ‘యాంటీబాడీలు వచ్చేశాయి, ఇక ఇంజెక్షన్ దండగ’ అని ఇంట్లోవాళ్లకు చెప్పారట. నిజమేనా?

బ్లడ్‌బ్యాంక్: కాదండి. ఆ పాజిటివ్ చాలామటుకు మీరు వేసిన మందే. యాంటీ-డి అంటేనే బయటి నుంచి ఇచ్చే యాంటీబాడీ, అది ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు మూడు వారాలు పడుతుంది. అలా వచ్చిన టైటర్ సాధారణంగా 1:4 దాటదు, పోనుపోను దిగుతుంది. తల్లి ఒంట్లో సొంతంగా తయారైనదైతే నిలబడుతుంది, లేదా పెరుగుతుంది. 28వ వారం రక్తం ఇంజెక్షన్‌కు ముందే తీశారా? రెండు వారాలాగి అదే ల్యాబ్‌లో, అదే పద్ధతిలో మళ్లీ చూడండి. ట్యూబు పద్ధతి అంకెలూ జెల్ కార్డు పద్ధతి అంకెలూ ఒకదానితో ఒకటి పోల్చకూడదు. ఫారంలో ఇంజెక్షన్ తేదీ, మోతాదు తప్పక రాయండి. అది రాయకపోతే ల్యాబ్‌వాళ్లకు తేడా తెలిసే దారి లేదు.

లేబర్ రూమ్: తేలకపోతే డోసు వేయడమే మంచిది. అక్కర్లేని డోసుతో వచ్చే నష్టం దాదాపు లేదు, మానేస్తే మాత్రం తర్వాతి బిడ్డకు ముప్పు. బొడ్డుతాడు రక్తంతో బిడ్డ గ్రూపు, డీసీటీ (బిడ్డ ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే పరీక్ష) చూడాలి. గ్రూపు పాజిటివ్ అయితే తల్లికి 72 గంటల్లోపు 300 కండకు వేయాలి. గడువు దాటినా 10 రోజుల వరకు వేయొచ్చు, మానొద్దు. 28వ వారం డోసు వల్ల బిడ్డ డీసీటీ కూడా కాస్త పాజిటివ్ రావచ్చు, దాన్ని చూసి ఆపకండి. ఇంకోటి, 300 సరిపోయేది తల్లిలోకి చేరిన బిడ్డ రక్తం సుమారు 30 మిల్లీలీటర్ల వరకే. మాయ ముందే విడిపోయినా, చేత్తో తీయాల్సి వచ్చినా ఎంత రక్తం చేరిందో చూపే క్లైహౌవర్ పరీక్ష చేసి మోతాదు లెక్కకట్టాలి.

ఫీటల్ స్కాన్: టైటర్ 1:16, కొన్నిచోట్ల 1:32 చేరితే అది వేరే దారి. నిజంగా సెన్సిటైజ్ అయ్యాక, అంటే తల్లి ఒంట్లో సొంత యాంటీబాడీలు తయారయ్యాక, యాంటీ-డి పనిచేయదు. బిడ్డ మెదడు ధమనిలో రక్తవేగం డాప్లర్‌తో వారం, రెండు వారాలకోసారి కొలవాలి. 1.5 ఎంఓఎం (ఆ వారానికి ఉండాల్సిన మధ్యస్థ విలువకు ఒకటిన్నర రెట్లు) దాటితే రక్తహీనత ఉందని అనుమానించాలి. నెలలు తక్కువైతే కడుపులోనే రక్తం ఎక్కిస్తారు: ఓ నెగటివ్, తల్లి రక్తంతో క్రాస్‌మ్యాచ్ అయినది, రేడియేషన్ ఇచ్చినది, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 75–85 శాతం. 35 వారాలు దాటాక కాన్పు చేయడమే మేలు. మొదటి బిడ్డకు ఈ యాంటీబాడీల వల్ల జబ్బు వచ్చి ఉంటే టైటర్‌ను నమ్ముకోకుండా 18 వారాల నుంచే డాప్లర్ మొదలుపెట్టాలి.

ప్రసూతి వార్డు: ముందే తీశారు సర్. 36వ వారానికి అదే ల్యాబ్‌కు పంపిస్తాం. ‘కాన్పయ్యాక డోసు వేయాలి’ అని కేసు షీట్ మీద ఎర్రసిరాతో రాయించాను.