ముత్తాతగారి పెట్టెలో దొరికిన జాన్ బ్రైట్ బొమ్మ: ఇది చెక్కి అచ్చువేసినదేనా?

ప్రశ్న (కర్నూలు):
మా ముత్తాతగారు ఇక్కడి కోర్టులో ప్లీడరు. ఆయన ట్రంకుపెట్టెలో, పాత దస్తావేజుల అడుగున, జానెడు పొడవున్న ఒక చిత్రం దొరికింది. మీసం లేకుండా చెంపల వెంట్రుకలు మాత్రం పెంచుకున్న దొర బొమ్మ. కింద ఇంగ్లీషులో జాన్ బ్రైట్ అన్న పేరు, ఫొటో చూసి చెక్కినట్లు తెలిపే సన్నని అక్షరాలు ఉన్నాయి. ఇది నిజంగా రేకు మీద చెక్కి అచ్చువేసినదా, లేక తరువాతి నకలా? గోధుమరంగు మచ్చలను తడిగుడ్డతో తుడవవచ్చునా?

జవాబు (అనంతపురం):
తడిగుడ్డను దాని దగ్గరికి కూడా రానివ్వకండి. ముందు భూతద్దం పెట్టి చెంపను, కోటును విడివిడిగా చూడండి. దినపత్రిక ఫొటోలోలాగా చుక్కలన్నీ సమదూరంలో బారులు తీరి ఉంటే అది హాఫ్‌టోన్ ముద్రణ, అంటే ఫొటోను చుక్కలుగా విడగొట్టి అచ్చువేసిన తరువాతి నకలు. చెక్కిన బొమ్మలోనైతే చెంప మీది చుక్కలు నీడ ఉన్నచోట చిక్కబడి, వెలుగు పడినచోట పలచబడతాయి. కోటు మడతల్లో గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ, లావై మళ్లీ సన్నబడతాయి. బొమ్మ చుట్టూ రేకు అంచు దిగిన పల్లం కనిపిస్తే సరే. కాగితం అంచులు కత్తిరించి ఉంటే ఆ గుర్తు పోతుంది కాబట్టి, అది లేనంత మాత్రాన నకలని తేల్చేయనక్కరలేదు. 1820ల నుంచి రాగికి బదులు ఉక్కు రేకులు వాడుకలోకి వచ్చి, ఒక్కో రేకు నుంచి వేల ప్రతులు తీయడం సాధ్యమైంది. అందుచేత పెద్ద ధర మాత్రం ఆశించకండి.

జవాబు (కడప):
బ్రైట్ (1811–1889) బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు. తోటి నాయకుడు రిచర్డ్ కాబ్డెన్‌తో కలిసి, దిగుమతి ధాన్యం మీద సుంకాలు వేసిన ధాన్య చట్టాలకు వ్యతిరేకంగా పోరాడినవారు. అవి 1846లో రద్దయ్యాయి. మన సీమవాళ్లు గుర్తుంచుకోదగినది 1858 జూన్‌లో ఆయన పార్లమెంటులో చేసిన ప్రసంగం. 1834 నుంచి 1848 దాకా పద్నాలుగేళ్లలో ఈస్టిండియా కంపెనీ ఇండియా అంతటా ప్రజాపనుల మీద పెట్టిన ఖర్చుకన్నా, మాంచెస్టరు ఒక్క ఊరు తన నీటి సరఫరాకు పెట్టినదే ఎక్కువని ఆయన ఎత్తిపొడిచారు. (ఆయనది నూలుమిల్లుల కుటుంబం, మన పత్తి మీద కన్ను లేదనలేం.) సుంకేసుల నుంచి మన కె.సి. (కర్నూలు–కడప) కాలువను ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించింది ఆ తరువాతి దశకంలోనే. 1882లో దానిని ప్రభుత్వం కొనుక్కుంది.

ప్రశ్న అడిగినవారు:
భూతద్దంతో చూశాను. చెంప నిండా చుక్కలు ఎగుడుదిగుడుగానే ఉన్నాయి, కోటు గుండీ చుట్టూ గీతలు వలలాగా అల్లుకున్నాయి. అంచులు మాత్రం ఎవరో కత్తెరతో కోసేశారు. లామినేషన్ చేయిద్దామంటున్న మా అబ్బాయికి మీ జవాబులు చదివి వినిపించాను. బొమ్మ మళ్లీ పెట్టెలోకే వెళ్లింది, ఈసారి దస్తావేజుల పైన.