మార్చి 6 ఓరియో దినం: పండుగ ముందు పుట్టిన బిస్కెట్‌కా, గెలిచిన బిస్కెట్‌కా?

హడ్సన్ ఒడ్డు (జెర్సీ సిటీ)

వచ్చే శుక్రవారం మార్చి 6. అమెరికాలో ఆ రోజును జాతీయ ఓరియో దినం అంటారు. మా అమ్మాయి మూడో తరగతి చదువుతోంది. ఆ రోజు పిల్లలందరూ తలా ఒక ఓరియో ప్యాకెట్ తెచ్చుకొని, అది ఎలా పుట్టిందో రెండు మాటలు చెప్పాలట. నిన్న రాత్రి దాని కోసమే కూర్చొని చదివాను. 1912 మార్చి 6న హోబోకెన్‌లో ఒక కిరాణా వ్యాపారికి నేషనల్ బిస్కెట్ కంపెనీ మొదటి ఓరియోలను అమ్మిందట. అప్పట్లో గాజు మూత ఉన్న రేకు డబ్బాల్లో పోసి తూకం లెక్కన అమ్మేవారు. హోబోకెన్ అంటే మా పక్క ఊరు, నేను రోజూ రైలు మారే చోటు. ఎంతో సంతోషం వేసింది.

ఆ సంతోషం పది నిమిషాలు కూడా నిలవలేదు. దానికి నాలుగేళ్ల ముందే, 1908లో, కాన్సస్ సిటీకి చెందిన లూజ్-వైల్స్ కంపెనీ హైడ్రాక్స్ అనే బిస్కెట్‌ను తెచ్చింది. రెండు నల్లటి చాక్లెట్ బిళ్లలు, మధ్యలో తెల్లని క్రీమ్, పైన పూల అచ్చు. ఓరియోను ఎలా వర్ణిస్తామో అక్షరం మార్చకుండా అదే. మరి దేశమంతా పుట్టినరోజు చేస్తున్నది తరువాత వచ్చినదానికి. పిల్లకు ఏమని చెప్పమంటారు? ఇది న్యాయమేనా?

తూనికరాళ్లు (గుంటూరు)

న్యాయమే అంటాను. నాది కిరాణా కొట్టు, ముప్పై ఏళ్లుగా బిస్కెట్లు అమ్ముతున్నాను. ముందు ఎవరు చేశారన్నది కొనేవాడు అడగడు. అడిగినప్పుడల్లా సరుకు ఉందా, నిన్నటి రుచే ఇవాళా ఉందా, ఈ రెండే చూస్తాడు. మన దేశానికి ఓరియో వచ్చింది 2011లో. అప్పటికే మనకు బూర్బన్ ఉంది. లండన్‌లో పీక్ ఫ్రీన్స్ వాళ్లు 1910లో చేసిన బిస్కెట్ అది, అంటే ఓరియో కంటే రెండేళ్లు పెద్దది. అయినా ఐదు రూపాయల ఓరియో ప్యాకెట్ కోసం పిల్లలు మా కొట్టు ముందు నిలబడ్డారు. బూర్బన్ ముందు పుట్టిందని నేను వాళ్లకు చెబితే వింటారా? పండుగ చేసుకునేది ఇష్టం ఉన్నదానికి. వయసు చూసి కాదు.

పాత లేబుల్ (షికాగో)

తూనికరాళ్లు గారూ, మీరు కొట్టు వైపు నుంచి చూస్తున్నారు. నేను కొనేవాడి వైపు నుంచి చెబుతాను.

నేను ఈ దేశానికి 1987లో వచ్చాను. ఇంట్లో అందరం శాకాహారులం. ఆ రోజుల్లో ఇక్కడ తినే వస్తువు ఏది కొన్నా వెనక్కి తిప్పి, అందులో ఏమేమి కలిపారో చదవడం మాకు ముగ్గు వేసినంత అలవాటు. మా ఆవిడ బండిలో కూర్చున్న పిల్లవాడిని ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో ప్యాకెట్‌ను దీపం వైపు ఎత్తి, సన్నటి అక్షరాల మీద వేలు పెట్టి చదివేది. ఓరియో ప్యాకెట్ మీద ఆ వేలు ఒక మాట దగ్గర ఆగింది: లార్డ్. అంటే పంది కొవ్వు. మధ్యలోని ఆ తెల్లని క్రీమ్‌లో అప్పట్లో అదే ఉండేది. ప్యాకెట్‌ను తిరిగి అల్మారాలో పెట్టేసింది. అదే వరుసలో కింది అరలో హైడ్రాక్స్ ఉంది. దాని మీద యూదుల కోషర్ ముద్ర ఉంది, అంటే వాళ్ల మత నియమాల ప్రకారం తినదగినదని చెప్పే గుర్తు. పంది కొవ్వు వాళ్లకూ నిషిద్ధమే కదా, ఆ ముద్ర చూస్తే మాకు ధైర్యం వచ్చేది. మా పిల్లవాడు పాలలో ముంచుకొని తిన్న మొదటి నల్ల బిస్కెట్ హైడ్రాక్స్.

ఓరియో చేసే నేషనల్ బిస్కెట్ కంపెనీనే తరువాత నాబిస్కో అన్నారు. అది 1990లలో పంది కొవ్వు తీసేసింది. భట్టీలన్నీ శుద్ధి చేయించి 1997 చివరికి కోషర్ ముద్ర తెచ్చుకుంది. ఆ రోజుతో హైడ్రాక్స్‌కు మిగిలిన ఆ ఒక్క ఆసరా కూడా పోయింది. 2003లో దాని తయారీ ఆపేశారు. మాలాంటివాళ్లను, లక్షల యూదు కుటుంబాలను దశాబ్దాల పాటు ఆదుకున్న బిస్కెట్ అది. దాని పేరు కూడా తలవకుండా మార్చి 6 జరుపుకోవడం నాకు కష్టంగా ఉంటుంది.

తూనికరాళ్లు (గుంటూరు)

పెద్దాయన గారూ, మీ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ పంది కొవ్వు సంగతి నాకు తెలియదు. అయినా ఒకటి అడుగుతాను. తప్పు దిద్దుకున్నవాడికి కూడా పండుగ ఉండకూడదా?

ట్రాన్స్ ఫ్యాట్ (హైదరాబాద్)

దిద్దుకోవడం అంత సూటిగా జరగలేదండీ. నేను ఆహార సాంకేతిక రంగంలో పనిచేస్తాను. పంది కొవ్వు స్థానంలో వచ్చింది పాక్షికంగా హైడ్రోజన్ ఎక్కించిన నూనె. మన వనస్పతి చేసే పద్ధతే. గది వేడికి కరగకుండా, బిళ్లకు అతుక్కొని నిలబడే క్రీమ్ కావాలంటే గట్టిపడే కొవ్వు ఉండాలి, అందుకే ఆ దారి పట్టారు. ఆ నూనెలో ట్రాన్స్ కొవ్వులు ఉంటాయి, అవి గుండెకు చేటు. 2003లో కాలిఫోర్నియాలో ఒక న్యాయవాది ఓరియోల మీద దావా వేశాడు. కొద్ది రోజులకే వెనక్కి తీసుకున్నాడు, కానీ దేశమంతా ఆ మాట మారుమోగింది. 2006 నాటికి ఓరియోలో ట్రాన్స్ కొవ్వు లేకుండా చేశారు. ఇప్పుడు వాడేది ఎక్కువగా తాటిజాతి నూనె, అంటే పామాయిల్. ఇంకో మాట, ఈ బిస్కెట్‌లో మనం క్రీమ్ అనేదానిలో మీగడ లేదు. చక్కెర, నూనె, వాసన, అంతే. తినవద్దని అనను, పిల్లలకు ఈ మాట తెలియాలి.

చెల్సీ వీధి (న్యూయార్క్)

ఎవరిది ముందు అన్న లెక్కకు వస్తే, ఇది రెండు బిస్కెట్ల తగాదా కంటే పాతది. 1898లో చాలా బేకరీ కంపెనీలను కలిపి నేషనల్ బిస్కెట్ కంపెనీ కట్టారు. అలా కలిసిపోయిన వాటిలో లూజ్ సోదరులు నడిపిన కంపెనీ ఒకటి. జేకబ్ లూజ్‌కు అది నచ్చలేదు. బయటికి వచ్చి 1902లో జాన్ వైల్స్‌తో కలిసి సొంతంగా మొదలుపెట్టాడు. తాను వదిలి వచ్చిన ఇంటి మీద పోటీకి తయారుచేసిన బిస్కెట్ హైడ్రాక్స్. ఆ ఇంటివాళ్లు తిరిగి కొట్టిన దెబ్బ ఓరియో.

పేరు దగ్గరే హైడ్రాక్స్ సగం ఓడిపోయిందని నా నమ్మకం. నీటిలోని హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి, నీటిలా స్వచ్ఛమైనది అని చెప్పాలనుకున్నారు. వినేవాళ్లకు మందుల షాపు గుర్తొస్తుంది. ఓరియో పేరుకు అర్థం ఏమిటో ఎవరూ గట్టిగా చెప్పలేరు, కానీ నోరు తిరగని పసివాడు కూడా పలుకుతాడు.

అయితే 1912లో నేషనల్ బిస్కెట్ వాళ్లకు కూడా ఇది గెలుస్తుందని తెలియదు. ఓరియోతో పాటు మదర్ గూస్, వెరొనీస్ అని మరో రెండు రకాలను కలిపి ప్రకటించారు. ఆ రెండింటి పేర్లు ఇప్పుడు ఎవరికి తెలుసు? నిమ్మ క్రీమ్ ఓరియో కూడా అప్పుడే వచ్చి, 1920లలో పోయింది. తయారైన ఫ్యాక్టరీ మాన్‌హాటన్ తొమ్మిదో అవెన్యూలో ఇప్పటికీ ఉంది. ఇప్పుడది చెల్సీ మార్కెట్. ఆ పక్క వీధికి 2002లో ఓరియో వే అని పేరు పెట్టారు. హడ్సన్ ఒడ్డు గారూ, పాపను తీసుకురండి, మీకు నదికి అవతలే కదా. ఆ ఎర్ర ఇటుకల గోడ చూపిస్తే రెండు మాటలు దానంతట అదే చెబుతుంది.

208 రహదారి (ఉత్తర న్యూజెర్సీ)

గోడల సంగతి వచ్చింది కాబట్టి నేనూ ఒక గోడ గురించి చెబుతాను. చెల్సీ నుంచి తయారీ 1958లో ఫెయిర్ లాన్ ఊరికి మారింది. 208వ నంబరు రహదారి పక్కనే పెద్ద భవనం. పదకొండేళ్లు నేను ఆ దారిలోనే ఆఫీసుకు వెళ్లాను. చలికాలం పొద్దున్నే కారు అద్దం వేలెడు దించితే చాలు, కాలిన చక్కెర, కోకో కలిసిన వెచ్చటి వాసన కారంతా నిండేది. 2021 వేసవిలో ఆ ఫ్యాక్టరీ మూసేశారు. వందల మంది పని పోయింది. అదే ఏడాది ఆగస్టులో మిగిలిన ఫ్యాక్టరీల్లోని కార్మికులు సమ్మెకు దిగారు.

మీరంతా ముందు ఎవరు, తరువాత ఎవరు అంటున్నారు. నన్ను అడిగితే ఈ పండుగ కంపెనీకీ కాదు, బిస్కెట్‌కూ కాదు. పిండి కలిపినవాళ్లది, భట్టీ దగ్గర రాత్రి పాళీ చేసినవాళ్లది. వాళ్లను ఎవరూ తలవడం లేదు.

తూనికరాళ్లు (గుంటూరు)

ఇది ఒప్పుకుంటున్నాను.

ప్రకటన ఎవరిది (డాలస్)

అసలు ‘జాతీయ’ అన్న మాటే నాకు అభ్యంతరం. 1984లో అప్పటి అధ్యక్షుడు రీగన్ సంతకం పెట్టి జులై నెలను ఐస్‌క్రీమ్ మాసంగా ప్రకటించారు. అది ప్రభుత్వ ప్రకటన, పైగా ఏ ఒక్క కంపెనీ పేరుతోనూ లేదు. ఓరియో దినం వెనుక అలాంటి చట్టం ఏదీ లేదు. ఒక కంపెనీ సరుకు పుట్టినరోజు అది. బడిలో దాన్ని జాతీయ పండుగగా చెబితే పిల్లలు రిపబ్లిక్ డే లాంటిదనుకుంటారు. నల్ల క్రీమ్ బిస్కెట్ రోజు అని పెట్టండి, హైడ్రాక్స్ వచ్చి కూర్చుంటుంది, బూర్బన్ వచ్చి కూర్చుంటుంది. నేనూ తింటాను.

పాత లేబుల్ (షికాగో)

ఇది మంచి మాట. హైడ్రాక్స్ ఇంకా బతికే ఉంది. 2015లో లీఫ్ బ్రాండ్స్ అనే చిన్న కంపెనీ మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. దుకాణాల్లో తమ ప్యాకెట్లు కనిపించకుండా పక్కకు నెట్టేస్తున్నారని 2018లో ఓరియో యజమాని మోండెలీజ్ మీద అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్‌కు ఫిర్యాదు కూడా చేసింది. ఇక్కడ బిస్కెట్లు అరల్లో సర్దేది చాలా చోట్ల పెద్ద కంపెనీ సొంత మనుషులే. తూనికరాళ్లు గారూ, కొనేవాడు కళ్ల ముందు ఉన్నదే కొంటాడు. కళ్ల ముందు ఏది ఉండాలో పోటీదారుడే సర్దితే, అప్పుడు గెలుపు ఇష్టం వల్ల వచ్చిందని ఎలా అంటాం?

తూనికరాళ్లు (గుంటూరు)

మా కొట్లో అర నేనే సర్దుకుంటాను. కంపెనీ మనిషి వచ్చి ఎదురు అర అడిగితే డబ్బు ఇస్తానంటాడు, నేనూ తీసుకున్న రోజులు ఉన్నాయి. మీరన్నది నిజమే. మొదట నేను రాసినదానిలో ‘ఇష్టం ఉన్నదానికి’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిలకడగా సరుకు అందించడం గొప్పే అన్న మాట మీద మాత్రం ఉన్నాను.

హడ్సన్ ఒడ్డు (జెర్సీ సిటీ)

అందరికీ కృతజ్ఞతలు. హైడ్రాక్స్ మా దగ్గరి దుకాణాల్లో దొరకలేదు, ఇంటర్నెట్‌లో తెప్పించాను. నిన్న రాత్రి అమ్మాయి రెండు గ్లాసుల పాలు పెట్టుకొని, ఒక్కోదానిలో ఒక్కో బిస్కెట్ ముంచి, పది వరకు లెక్కపెట్టింది. మా ఇంట్లో హైడ్రాక్స్ గట్టిగా నిలిచింది, ఓరియో అంచు మెత్తబడింది. రుచి మాత్రం ఓరియోదే బాగుందని అంది, ఇంకొంచెం తియ్యగా ఉందట. తరువాత రెండింటినీ మెలితిప్పి విడదీసింది. రెండింటిలోనూ క్రీమ్ ఒక పక్కనే ఉండిపోయింది. ఎంఐటీ అనే ఇక్కడి పెద్ద సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో దీని మీద పరిశోధన చేసి, ఎలా తిప్పినా ఓరియో క్రీమ్ సాధారణంగా ఒక బిళ్లకే అంటుకొని ఉంటుందని తేల్చారని చెబితే, పెద్దవాళ్లు కూడా ఇలా ఆడుకుంటారా అని ఆశ్చర్యపోయింది.

రేపు తరగతిలో చెప్పాల్సిన మాటలు తనే రాసుకుంది. నేను ఒక్క అక్షరం మార్చలేదు: “ఓరియోను 1912లో మన పక్క ఊళ్లో మొదట అమ్మారు. దానికంటే ముందే హైడ్రాక్స్ ఉంది. ఫెయిర్ లాన్‌లో బిస్కెట్లు చేసిన అంకుళ్లకు, ఆంటీలకు థాంక్యూ. నా దగ్గర పన్నెండు హైడ్రాక్స్‌లు ఉన్నాయి. రుచి చూడాలనుకున్నవాళ్లు నా బల్ల దగ్గరికి రండి.”